తెర మీది యుద్ధం బల్ల మీదికి వచ్చినప్పుడు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. సినిమాలు, టీవీ ధారావాహికలు, వీడియో గేముల్లోని పాత్రలను చిన్న బొమ్మలుగా చేసి, వాటితో బల్ల మీద యుద్ధాలు ఆడుకొనే పెద్దవాళ్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. తెలుగు పత్రికల్లో ఈ ఆటల ప్రస్తావన రావడమే అరుదు కనుక ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసం రెండు తీర్పులు చెప్పేసింది. ఇవన్నీ సినిమా కంపెనీలు తమ సరుకు అమ్ముకోవడానికి పన్నిన వల అన్నది మొదటిది. యుద్ధాన్ని వినోదంగా చూపించి పిల్లల మనసులు పాడుచేస్తాయన్నది రెండోది. ఈ ఆటలు చాలాకాలంగా ఆడుతున్నవాడిగా, బడిలో సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిగా ఈ రెండింటికీ సమాధానం చెప్పవలసిన బాధ్యత నాకుందనిపించి ఈ లేఖ రాస్తున్నాను. కొంత పొడుగైనా ప్రచురించవలసిందిగా మనవి.

ఆట తెలియనివారి కోసం ముందుగా నాలుగు మాటలు. నాలుగడుగుల బల్ల ఒకటి ఉంటుంది. దాని మీద అట్టతోనో థర్మోకోల్‌తోనో చేసిన కొండలు, గోడలు, ఇళ్లు ఉంటాయి. వాటి మధ్య రెండు పక్షాల బొమ్మలు నిలబడతాయి. ఒక్కో మనిషి బొమ్మ ఎత్తు సాధారణంగా 28 నుంచి 32 మిల్లీమీటర్లు. చదరంగంలో మాదిరి గళ్లుండవు. టేపుతో అంగుళాలు కొలిచి బొమ్మను కదుపుతారు, దెబ్బ తగిలిందో లేదో పాచికలు వేసి తేల్చుకుంటారు, గోడ చాటున ఉన్నవాడు కనిపిస్తాడో లేదో బల్ల ఎత్తుకు తలవంచి చూసి నిర్ణయిస్తారు. బొమ్మలు చాలావరకు విడిభాగాలుగా, రంగులేకుండా వస్తాయి కనుక వాటిని అతికించి రంగులు వేసుకోవడం కూడా ఆటలో భాగమే.

ఈ ఆటను సినిమా కంపెనీలు పుట్టించలేదు. ఇంగ్లండ్‌లో హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అనే చిన్న పుస్తకం రాసి, బొమ్మ సైనికులతో, స్ప్రింగుతో పేలే బొమ్మ ఫిరంగులతో ఇంటి నేల మీద ఆడే యుద్ధానికి నియమాలు ఏర్పరచాడు. ఆ నియమాలతో ఆడినవారిలో నటుడు పీటర్ కుషింగ్ ఒకరు. ఆయన తన ఇంట్లో సైనికుల బొమ్మలకు రంగులు వేస్తూ, వాటితో ఆడుతూ ఉండగా 1956లో పాథే సంస్థ ఒక వార్తాచిత్రం తీసింది. ఆ తరువాత 1977లో వచ్చిన తొలి ‘స్టార్ వార్స్’ చిత్రంలో గ్రాండ్ మాఫ్ టార్కిన్ అనే ప్రతినాయకుడి వేషం వేసింది ఆయనే. తెరకూ ఈ బల్లకూ ఉన్న చుట్టరికం సరుకుల అమ్మకం కంటే పాతదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

ఇక అసలు విషయానికి వస్తాను. సినిమా ఆధారంగా వచ్చిన ఆటలో విలువైనది బొమ్మ కాదు, నియమం. ఆ కథ ఎలా నడుస్తుందో దాన్ని నియమంగా మార్చగలిగితే ఆట నిలబడుతుంది. పెట్టె మీద హీరో ముఖం మాత్రమే ఉంటే ఎంత ఖరీదైన బొమ్మ అయినా అటక ఎక్కుతుంది. మీ వ్యాసకర్త పెట్టెలను, ధరలను చూశారు. నియమాల పుస్తకం తెరిచి చూడలేదని నాకు అనిపించింది.

ఒక ఉదాహరణ చెబుతాను. పీటర్ జాక్సన్ తీసిన ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ తొలి భాగం 2001లో విడుదలైంది. అదే ఏడాది నాటింగ్‌హామ్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ రిక్ ప్రీస్ట్‌లీ నియమాలతో దాని బల్ల ఆటను తెచ్చింది. అందులో మామూలు సైనికుడికి పాచిక ఎంత పడితే అంతే. వీరులకు మాత్రం బలం, సంకల్పం, అదృష్టం అనే మూడు నిల్వలు కొద్దికొద్దిగా ఉంటాయి. బలంలోంచి ఒకటి ఖర్చు చేస్తే పడ్డ పాచికను ఒక అంకె పెంచుకోవచ్చు. చావవలసిన దెబ్బ తగిలినప్పుడు అదృష్టం ఖర్చు చేసి తప్పించుకొనే ప్రయత్నం చేయవచ్చు. నిల్వ అయిపోయాక వీరుడికి ఆ ఆసరా ఉండదు. సినిమాలో నాయకుడు వందమందిని నరికితే చూసి చప్పట్లు కొడతాం. బల్ల దగ్గర కూర్చున్నవాడు మాత్రం ఆ శక్తిని ఇప్పుడే వాడాలా, గడప దగ్గర నిలబడబోయే చివరి పోరుకు దాచుకోవాలా అని తేల్చుకోలేక సతమతమవుతాడు. సైన్యంలో సగానికి మించి పడిపోతే మిగిలిన ప్రతివాడికీ ధైర్యపరీక్ష ఉంటుంది. పాచిక చాలకపోతే వాడు ఆయుధం పారేసి పోతాడు. పక్కన నిలబడ్డ వీరుడు ధైర్యం నిలుపుకుంటే అతన్ని చూసి తక్కినవారు నిలబడతారు.

వీటన్నిటికంటే నాకు ఎప్పటికీ ఆశ్చర్యం కలిగించే నియమం ఉంగరానిది. కథలో ఆ మాయ ఉంగరాన్ని మోసుకుపోయే ఫ్రోడో దాన్ని తొడుక్కుంటే శత్రువులకు కనిపించడు కనుక వాళ్ల మధ్య నుంచి నడిచిపోవచ్చు. అయితే అది వేలికి ఉన్నంతసేపు అతన్ని కదిపే ముందు ప్రతిసారీ పాచిక వేయాలి. పాచిక తిరగబడితే ఆ వంతుకు ఫ్రోడోను ఎటు నడపాలో ప్రత్యర్థి నిర్ణయిస్తాడు. నా బొమ్మ నా చేతిలోంచి జారి అవతలివాడి చేతికి పోతుంది. ఆ కథలోని ప్రలోభం ఎలాంటిదో వివరించడానికి పుటలకు పుటలు రాయవచ్చు. ఇక్కడ ఒక్క పాచికతో అది ఆడేవాడికి అనుభవమవుతుంది. ఇది సరుకు అమ్ముకొనే తెలివి మాత్రమే అయితే ఇంత లోతైన నియమం రాయవలసిన పనే లేదు. సినిమాలు వచ్చి వెళ్లిపోయినా, పేరు, కూర్పు మారుతూ ఆ ఆట 2024లో కూడా కొత్త ముద్రణ పొందింది.

‘స్టార్ వార్స్’ అంతరిక్ష ఓడల యుద్ధం మీద 2012లో ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ తెచ్చిన ‘ఎక్స్‌-వింగ్’ ఇంకో దారి తొక్కింది. ఆ సినిమాలోని ఆకాశయుద్ధం కూర్పుకు జార్జ్ లూకాస్ రెండో ప్రపంచయుద్ధపు విమానాల పోరాట దృశ్యాలను పాత చిత్రాల నుంచి ఏరి నమూనాగా పెట్టుకున్నాడు. ఆటకు నియమాలేమో మొదటి ప్రపంచయుద్ధపు విమానాల మీద ఇటలీవాళ్లు తయారుచేసిన ‘వింగ్స్ ఆఫ్ వార్’ అనే ఆట పద్ధతిలోంచి వచ్చాయి. ఆటగాళ్లు ఒక్కో ఓడకు ఒక్కో చక్రం మీద తమ కదలికను ఎవరికీ కనిపించకుండా తిప్పి బోర్లా పెడతారు. ఎంత వేగం, ఎడమా కుడా, మెల్లని మలుపా, గిరుక్కున తిరగడమా అన్నీ అందులోనే. అన్నీ పెట్టాక ఒక్కొక్కటే తెరుస్తారు. నైపుణ్యం తక్కువ ఉన్న పైలట్ ముందు కదలాలి. అనుభవజ్ఞుడు తరువాత కదిలి, ముందు కాల్చుకుంటాడు. తిప్పిన చక్రాన్ని మళ్లీ మార్చడానికి లేదు కనుక అవతలివాడు ఎక్కడికి వస్తాడో ఊహించి మన దారి ఎంచుకోవాలి; ఊహ తప్పితే రెండు ఓడలు ఒకే చోటికి వచ్చి ఢీకొంటాయి. తిరుగుబాటుదారుల ఓడ ఎక్స్‌-వింగ్‌కు రెండు కవచాలుంటాయి. వారి శత్రువుల ఓడ టై ఫైటర్‌కు కవచమే లేదు కాని తప్పించుకొనే పాచిక ఒకటి ఎక్కువ. సినిమాలో టై ఫైటర్లు ఎందుకు గుంపులుగా వస్తాయో, ఎందుకు ఇట్టే పేలిపోతాయో ఆ రెండు అంకెల్లోనే ఉంది.

కంపెనీల వల అన్న ఆరోపణలో నిజం లేకపోలేదు. ఇదే ‘ఎక్స్‌-వింగ్’ 2018లో రెండో కూర్పుగా మారినప్పుడు పాత ఓడలున్నవాళ్లు మార్పిడి పెట్టెలు వేరేగా కొనుక్కోవలసి వచ్చింది. తరువాత ఆట ఇంకో సంస్థ చేతికి పోయింది. 2024లో ఇక కొత్త సరుకు రాదని ప్రకటించారు. వీడియో గేమ్ ‘హేలో’లోని అంతరిక్ష ఓడల యుద్ధాన్ని 2015లో బల్ల మీదికి తెచ్చిన స్పార్టన్ గేమ్స్ అనే బ్రిటిష్ సంస్థ రెండేళ్లకే మూతపడింది. సినిమా, గేము కంపెనీల నుంచి అద్దెకు తెచ్చుకున్న పేరుతో వ్యాపారం చేసేవాడు గడువు తీరగానే ఇల్లు ఖాళీ చేయక తప్పదు. ఇది ఈ రంగంలోని పెద్ద లోపమని నేనూ ఒప్పుకుంటాను. కాని అక్కడితో ఆట అయిపోలేదు. ఓడలు, చక్రాలు ఆటగాళ్ల ఇళ్లలోనే ఉన్నాయి. వివిధ దేశాల ఆటగాళ్లు కలిసి నియమాలను తామే సవరించుకొని, పోటీలు తామే నడుపుకుంటున్నారు. వీడియో గేమ్ సర్వరు ఆపేస్తే ఆట మాయమవుతుంది. బల్ల మీది ఆటను అలా ఆపగలిగినవాళ్లెవరూ లేరు.

అద్దె పేరు అక్కర్లేని మార్గం కూడా ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. బ్రిటన్‌లో క్రుకెడ్ డైస్ అనే చిన్న సంస్థ ‘7టీవీ’ అనే ఆట తెచ్చింది. అది ఏ ఒక్క ధారావాహికకూ సంబంధించినది కాదు. 1960లు, 70ల నాటి బ్రిటిష్ టీవీ గూఢచారి కథలు, వింత శాస్త్రజ్ఞుల కథలు అన్నిటిలోనూ ఉండే మూస పాత్రలను తీసుకొని నియమాలు కట్టింది. ఆటను ఒక ఎపిసోడ్‌లా నడుపుతారు. బొమ్మలను తారలు, సహతారలు, ఎక్స్‌ట్రాలు అని మూడు తరగతులుగా విభజిస్తారు. ప్రతి వంతుకు చేతికొచ్చే కథాబలం పాయింట్లను ఏ పాత్ర మీద ఖర్చుపెట్టాలో ఆటగాడు దర్శకుడిలా ఆలోచించుకోవాలి. ఎవరి బొమ్మలైనా వాడుకోవచ్చు. పదిమంది బొమ్మలుంటే సాయంత్రం గడిచిపోతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ గడువూ తీరదు.

వీడియో గేముల సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. లండన్‌లోని మోడిఫియస్ సంస్థ 2018లో తెచ్చిన ‘ఫాలౌట్: వేస్ట్‌ల్యాండ్ వార్‌ఫేర్’ ఒంటరిగా కూడా ఆడుకోవచ్చు, శత్రువు ఎలా నడవాలో నియమాలే చెబుతాయి. ఎదురుదిశలో ప్రయాణం కూడా జరిగింది. 1987లో మొదలైన ‘వార్‌హామర్ 40,000’ అనే బల్ల ఆట నుంచి 2004లో ‘డాన్ ఆఫ్ వార్’ వంటి వీడియో గేములు పుట్టాయి. ఆ బొమ్మలకు స్వయంగా రంగులు వేసుకొనే నటుడు హెన్రీ కావిల్ భాగస్వామిగా అమెజాన్ సంస్థ దాన్ని తెరకెక్కించే పనిలో ఉంది. తెర నుంచి బల్ల మీదికే కాక బల్ల మీద నుంచి తెర మీదికి కూడా కథలు పోతున్నాయని మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా ఉంటే బాగుండేది.

ఇప్పుడు రెండో ఆరోపణ. యుద్ధం ఆటవస్తువు కాదన్న మాటను నేను తేలిగ్గా తీసుకోను. వెల్స్ కూడా తీసుకోలేదు. అసలు యుద్ధం కంటే ఈ చిన్న యుద్ధం ఎంత మేలో ఆ పుస్తకం చివర గట్టిగానే రాశాడు. ఆ మరుసటి ఏడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. అయితే ఆట మనిషిని శాంతికాముకుడిని చేస్తుందని నేను వాదించను. చెప్పదలచుకున్నది వేరు. సినిమా కెమెరా ఎప్పుడూ ఒక పక్షాన నిలబడుతుంది. బల్లకు మాత్రం రెండు వైపులా కుర్చీలుంటాయి, రెండో కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోక తప్పదు.

దక్షిణాఫ్రికాలో 1879 జనవరి 22న రోర్క్స్ డ్రిఫ్ట్ అనే చోట సుమారు 150 మంది బ్రిటిష్ సైనికులు వేలమంది జులూ యోధులను రాత్రంతా నిలువరించారు. 1964లో వచ్చిన ‘జులూ’ చిత్రం ఆ సంఘటన మీద తీసినదే. అది చూసి ఆ పోరాటాన్ని బల్ల మీద ఆడినవారు బ్రిటన్‌లో లెక్కలేనంత మంది. సినిమాలో జులూలు అలలు అలలుగా వచ్చి పడిపోయే గుంపు. బల్ల దగ్గర జులూ పక్షం తీసుకున్నవాడికి మాత్రం ఆసుపత్రి పైకప్పు ఎటునుంచి అంటించాలి, కొండ మీది తుపాకులను ఎక్కడ పెట్టాలి, అలసి వచ్చిన యోధులను ఎంతసేపు ఆపాలి అన్న ఆలోచనలు తప్పవు. అలా ఆలోచించినవాడు చరిత్ర పుస్తకం తెరుస్తాడు. అదే రోజు ఇసాండ్ల్‌వానాలో అదే జులూ సైన్యం 1,300 మందికి పైగా ఉన్న బ్రిటిష్ పక్షపు సైనికులను తుడిచిపెట్టిందని, సినిమా ఆ సంగతిని తొలి నిమిషాల్లోనే దాటేసిందని తెలుసుకుంటాడు.

అదే 1964లో మన తెరకు ‘బొబ్బిలి యుద్ధం’ వచ్చింది. 1757 జనవరిలో విజయనగరం రాజులకూ బొబ్బిలికీ జరిగిన ఆ పోరును, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను, తాండ్ర పాపారాయుడిని నేను పిల్లలకు పాఠంగా చెప్పవలసి వచ్చినప్పుడు బల్ల మీద ఆడిస్తాను. థర్మోకోల్ కోట, సీసామూతల సైనికులు, రెండు పాచికలు ఉంటే చాలు. ఎవరిని అడిగినా ముందు బొబ్బిలి పక్షమే కావాలంటారు. చీటీ వేసి కొందరిని బుస్సీ వైపు కూర్చోబెడతాను. గోడ కూలడానికి ఎన్ని వంతులు పడుతుందో లెక్క వేస్తున్న పిల్లవాడు, ‘‘మాస్టారూ, విజయనగరం రాజు ఫ్రెంచివాళ్లను ఎందుకు పిలిచాడు?’’ అని తనంతట తానే అడుగుతాడు. ఆ ప్రశ్న పాఠం చదివి వినిపించినప్పుడు రాదు. కోట పడ్డాక లోపలి స్త్రీలకు, పిల్లలకు పట్టిన గతిని మాత్రం బల్ల మీదికి రానివ్వను. ఆట ఆపి, బొమ్మలు పక్కకు తీసి, అది మాటల్లోనే చెబుతాను. ఆడదగినదేదో ఆడకూడనిదేదో నిర్ణయించుకోవడం పెద్దవాళ్ల పని. ఆ వివేకం ఆటగాళ్లకు ఉండదని ముందే అనుకోవడం న్యాయం కాదు.

మీ వ్యాసం అసలు పట్టించుకోని విషయం చేతిపని. ఆ ఉంగరపు కథ బొమ్మలను చాలావరకు మలిచినవారు అలన్ పెర్రీ, మైకేల్ పెర్రీ అనే కవల సోదరులు. పాతకాలపు యుద్ధాన్ని తిరిగి ప్రదర్శిస్తుండగా ఫిరంగి ప్రమాదంలో మైకేల్ కుడిచేయి పోగొట్టుకున్నాడు. ఎడమచేత్తో మలచడం మళ్లీ మొదటినుంచి నేర్చుకొని అదే స్థాయిలో పనిచేశాడు. అలాంటి చేతిలోంచి వచ్చిన ఆ కథలోని రోహన్ రాజ్యపు గుర్రపురౌతుకు రంగు వేయడం చూడండి. ముందు నల్లటి ప్రైమర్ పూత వేసి ఆరనివ్వాలి. దాని మీద గుర్రానికి గోధుమరంగు, అంగీకి ఆకుపచ్చ పలుచగా రెండు పూతలు వేయాలి. తరువాత ముదురు రంగును నీళ్లలా కలిపి పైన రాస్తే అది అంగీ మడతల్లోకి, జూలు సందుల్లోకి దిగి నీడలు తీరుస్తుంది. అది పూర్తిగా ఆరాక, లేతరంగులో ముంచిన బ్రష్‌ను గుడ్డకు దాదాపు పొడి అయ్యేదాకా తుడిచి, ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రం తాకీ తాకకుండా రుద్దితే వెలుగు పడ్డట్టు జూలు వెంట్రుక వెంట్రుకగా లేస్తుంది. తొందరపడితే ఏ దశా కుదరదు. చేతిలో ఫోను లేకుండా ఒక పూటంతా కుదురుగా కూర్చోగల పదిహేనేళ్ల కుర్రవాడిని చూడాలంటే ఈ బల్ల దగ్గరికి రండి.

ఈ పని మనకు కొత్తది కాదు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నపు పూత వేసి ఆరాక రంగులు అద్దుతారు. విడిభాగాలు, అతుకు, మొదటి పూత, రంగు. క్రమం అంతా అదే. కర్రలో 28 మిల్లీమీటర్ల మనిషిని చెక్కడం అయ్యే పని కాదు, నిజమే. కాని బొమ్మ అంత చిన్నదిగా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. పక్షానికి పదిమంది చాలిన ఆటకు మూడంగుళాల బొమ్మలు హాయిగా సరిపోతాయి, బల్ల కాస్త పెద్దదైతే చాలు.

ఇది అవసరంగా కూడా మారింది. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు తప్పనిసరి చేశారు. నాసిరకం ప్లాస్టిక్ నుంచి పిల్లలను కాపాడటానికి, ఇక్కడి తయారీని నిలబెట్టడానికి పెట్టిన ఆ నిబంధనలను నేను తప్పుపట్టను. కాని పెద్దవాళ్ల కోసమని పెట్టె మీద రాసి ఉన్న రంగులేని చిన్న బొమ్మల పొట్లం కూడా పిల్లల ఆటవస్తువుల లెక్కలో పడి గోదాములో ఇరుక్కుంటే, అది ఏ పద్దు కిందికి వస్తుందో చెప్పేవారు దొరకరు. విదేశం నుంచి తెప్పించుకున్న నా పొట్లం ఒకటి అలాగే వెనక్కి పోయింది. అధికారులు ఈ విషయంలో స్పష్టత ఇస్తే మేలు. అంతకంటే మేలు చేసే సంగతి ఒకటుంది. భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు, హస్తకళల కమిషనర్ వద్ద నమోదైన కళాకారుల బొమ్మలకు బీఐఎస్ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక మూడింటికీ ఆ గుర్తింపు ఉంది. దారి తెరిచే ఉంది.

ఆ దారిన ఏ కథ నడవాలి? బ్రిటన్‌వాళ్లకు పాత టీవీ గూఢచారులు ఎలాగో మనకు జానపద చిత్రాలు అలాగ. విఠలాచార్య గారి తరం తెర మీద తీర్చిదిద్దిన పాత్రలు తెలుగువారికి పరిచయం చేయనక్కర్లేదు. రాజకుమారుడు, అతని వెంట ఉండే హాస్యగాడు, కుట్ర పన్నే సేనాపతి, గుహలో మాంత్రికుడు, పిలిస్తే పలికే భూతం, చెరలో ఉండి కూడా తెలివితో బయటపడే రాజకుమారి. వీరు ఏ ఒక్క నిర్మాతకూ చెందిన పాత్రలు కారు. వీరి మీద ఆట కట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పైగా ఆ కథల్లో నియమాలు ముందే తయారుగా ఉన్నాయి. మాంత్రికుడి ప్రాణం అతని ఒంట్లో ఉండదు, ఎక్కడో పంజరంలోని చిలకలో ఉంటుంది. మా పిల్లలతో నేను ఆడించే ఆటలో బల్ల మీద ఐదు పంజరాలుంటాయి; ప్రాణం ఎందులో ఉందో మాంత్రికుడి పక్షం ఆటగాడు చీటీ మీద రాసి మడిచి పెడతాడు. రాకుమారుడు ఎన్నిసార్లు నరికినా మాంత్రికుడు మరుసటి వంతుకు లేచి నిలబడతాడు. సరైన పంజరం ముట్టుకొనేదాకా అతనికి చావు లేదు. ఇక్కడే పిల్లలు తెలివి చూపిస్తారు. మాంత్రికుడు ఏ పంజరానికి కాపలా పెడితే అందులోనే చిలక ఉందని అవతలివాడు ఊహిస్తాడు కనుక, ఖాళీ పంజరం చుట్టూ భూతాన్ని తిప్పి, అసలైనదాన్ని కాపలా లేకుండా వదిలేస్తారు. రాకుమారి బొమ్మ ఉన్నవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. ఆమె చెరలో మాంత్రికుడికి దగ్గరగా ఉన్నంతసేపు వంతుకు ఒకసారి అతన్ని ఒక ప్రశ్న అడగవచ్చు, అతను అవును కాదు అని జవాబు చెప్పాలి, పాచికలో ఆరు పడితే మాత్రమే అబద్ధం ఆడవచ్చు. ఆమెను ఎంత త్వరగా విడిపిస్తే అంత సమాచారం పోతుంది. ఆలస్యం చేస్తే ఆమెకే ప్రమాదం. ఈ ఇరకాటం పిల్లలకు బాగా నచ్చుతుంది.

అందుచేత నా విన్నపం ఇది. మీ పత్రిక వేసవి సెలవుల్లో పిల్లల కోసం ప్రత్యేక పుటలు వేస్తుంది. ఈసారి వాటిలో రెండు పుటలు ఈ ఆటకు కేటాయించండి. ఒక పుటలో నియమాలు, రెండో పుటలో కత్తిరించి అట్టకు అతికించుకొనేలా పాత్రల బొమ్మలు అచ్చువేస్తే, కొలతకు స్కేలు, రెండు పాచికలు ఉన్న ప్రతి ఇంట్లోనూ పైసా ఖర్చు లేకుండా ఆడుకోవచ్చు. నియమాల రాతప్రతి నా దగ్గర సిద్ధంగా ఉంది, పారితోషికం అక్కర్లేదు. బొమ్మలు గీయడానికి మీ చిత్రకారుల సహాయం మాత్రం కావాలి. ఆ పుటలు చూసి కొండపల్లిలోనో నిర్మల్‌లోనో ఏ ఒక్క కళాకారుడైనా పంజరంతో సహా ఒక మాంత్రికుడిని చెక్కి చూడాలనుకుంటే, మొదటి జత కొనుక్కోవడానికి నేను సిద్ధం.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
తెనాలి